ఆయాసం లేకపోతే ప్రమాదం లేనట్లేనా?

"జ్వరం, దగ్గు ఉన్నాయి గానీ ఆయాసం మాత్రం లేదండీ." ఇంట్లోని పెద్దవారి ఆరోగ్యం గురించి చెప్పేటప్పుడు మనం ఈ మాటను ఎంత ధీమాగా వాడుతామో గమనించండి. ఆయాసం లేదు కనుక ఊపిరితిత్తులకు ఢోకా లేదన్నది మన లెక్క. ఆ లెక్కను నమ్ముకోవడం ప్రమాదకరమని నా దృఢాభిప్రాయం. అందుకు కారణం మన మెడలోనే ఉన్నది.

దవడ మూలకు కొంచెం కిందుగా, మెదడుకు రక్తాన్ని చేరవేసే కెరోటిడ్ ధమని రెండుగా చీలుతుంది. ఆ చీలిక వద్ద, మెడకు ఇరువైపులా, బియ్యపు గింజంత కణపుంజం ఒకటి ఉంటుంది. దానిని కెరోటిడ్ బాడీ అంటారు. బరువు కొద్ది మిల్లీగ్రాములే అయినా, ఆ బరువుతో పోల్చి చూస్తే దానికందే రక్తప్రవాహం అపారం. అందులోని గ్లోమస్ కణాలు నిరంతరం రక్తాన్ని రుచి చూస్తూ ఉంటాయి. ఆక్సిజన్ పీడనం తగ్గగానే వాటి పొరలోని పొటాషియం ద్వారాలు మూసుకుంటాయి, కాల్షియం లోనికి ప్రవేశిస్తుంది, కణం తనలోని రసాయన సందేశాలను వెలువరిస్తుంది. తొమ్మిదవ కపాలనాడి వాటిని అందుకొని మెదడు కాండానికి చేరుస్తుంది. క్షణాలలో శ్వాస వేగం పెరుగుతుంది. ఈ ప్రాంతం నుంచి శ్వాస నియంత్రణ జరిగే తీరును వెల్లడించినందుకే కార్నీల్ హేమన్స్‌కు 1938 నోబెల్ బహుమతి లభించింది. ఆ కణాలు ఆక్సిజన్ కొరతను ఎలా పసిగడతాయన్న విషయంలో ఇప్పటికీ వాదోపవాదాలున్నాయి. షికాగో విశ్వవిద్యాలయంలో నండూరి ప్రభాకర్ గారి బృందం, కణంలో పుట్టే కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్ సల్ఫైడు వాయువుల పాత్రను ముందుకు తెచ్చింది. పరిశోధకుని ఇంటిపేరు చూసి తెలుగువారు సంతోషించడంలో తప్పు లేదు.

అయితే ఈ కాపలాదారు ఆలస్యంగా కేక వేస్తాడు. రక్తంలో ఆక్సిజన్ పీడనం 60 మిల్లీమీటర్ల దాపునకు, అంటే ఆక్సీమీటరులో సుమారు 90 శాతానికి, దిగజారే వరకు అతని స్పందన మందకొడిగానే ఉంటుంది. మనకు "ఊపిరాడటం లేదు" అనిపించడానికి ప్రధాన కారణం వేరు. కాసేపు ఊపిరి బిగబట్టి చూడండి. అప్పుడు కలిగే ఉక్కిరిబిక్కిరి చాలావరకు కార్బన్ డయాక్సైడు పేరుకోవడం వల్లనే. న్యుమోనియాలో తరచుగా రోగి వేగంగా శ్వాసించి ఆ వాయువును బయటకు పంపివేస్తాడు, ఆక్సిజన్ మాత్రం తగ్గుతూనే ఉంటుంది. 2020, 2021 సంవత్సరాలలో కోవిడ్ రోగులు కొందరు 80 శాతానికి పడిపోయి కూడా ఫోనులో మామూలుగా మాట్లాడటం వెనుక రహస్యమిదే. వయసు మళ్లినవారిలో, దీర్ఘకాల మధుమేహం ఉన్నవారిలో ఈ హెచ్చరిక మరింత బలహీనం. నిద్రమాత్రలు, మద్యం తోడైతే చెప్పనక్కరలేదు.

మరి దేనిని నమ్మాలి? ఈ ప్రశ్నకు సగం సమాధానం మన ఊళ్లోనే దొరికింది. మా బొల్లారంలో నేడు రాష్ట్రపతి నిలయంగా ఉన్న భవనం ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెంటు విడిది. ఆ రెసిడెన్సీకి సర్జనుగా ఉన్న ఎడ్వర్డ్ లారీ, నిజాం ఆర్థిక సాయంతో 1888, 1889లలో హైదరాబాదు క్లోరోఫారం కమిషన్లను నడిపాడు. రెండవ దానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. మత్తు ఇచ్చేవాడు నాడిని పట్టుకొని కూర్చోరాదు, శ్వాసనే చూడాలి అన్నది లారీ వాదన. గుండె కూడా హఠాత్తుగా ఆగిపోగలదని తరువాతి పరిశోధకులు నిరూపించి ఆ వాదనలోని అతిశయాన్ని సరిదిద్దారు. అయినా శ్వాసను కళ్లతో చూడమన్న మాట చెక్కుచెదరలేదు. రోనాల్డ్ రాస్ పేరు తెలిసిన మనవారిలో లారీ పేరు ఎందరికి తెలుసు?

విచిత్రమేమంటే, అదే శ్వాసలెక్క నేడు ఆసుపత్రి కాగితాలలో అత్యంత నిర్లక్ష్యానికి గురవుతున్న అంకె. ఉష్ణోగ్రతకు, రక్తపోటుకు యంత్రాలున్నాయి. శ్వాసను లెక్కించాలంటే ఒక మనిషి నిమిషం పాటు నిలబడాలి. ఆ నిమిషం లేక, చాలాచోట్ల అలవాటుగా ఏదో ఒక అంకె వేసేస్తారు. వార్డులోని వారందరూ నిమిషానికి సరిగ్గా ఇరవైసార్లే ఊపిరి తీసుకుంటారా? మీ వారి కాగితంలో ఆ అంకె ఎలా వచ్చిందో అడగండి. అది మీ హక్కు.

ఇంట్లో ఈ పని మీరే చేయవచ్చు. విశ్రాంతిగా ఉన్నప్పుడు, వారికి చెప్పకుండా, పొట్ట లేదా ఛాతీ పైకి లేవడాన్ని పూర్తిగా ఒక నిమిషం లెక్కించండి. చెబితే శ్వాస తీరు మారిపోతుంది. పెద్దవారిలో 12 నుంచి 20 వరకు సహజం. జ్వరం, దగ్గు ఉన్న మనిషిలో 24 గానీ, అంతకు మించి గానీ ఉంటే, ఆయాసం లేదని ఆయన ఎంత చెప్పినా అదే రోజు వైద్యునికి చూపండి. ఆక్సీమీటరులో 94 కంటే తగ్గినా అంతే. 90 కంటే తగ్గితే తెల్లవారే వరకు ఆగవద్దు. దీర్ఘకాల ఊపిరితిత్తుల వ్యాధి ఉన్నవారికి మాత్రం ఎంత ఉండాలో వారి వైద్యుడే నిర్ణయించాలి.

ఒక్క సందర్భంలో మెడలోని కణాలు, వేలికి తొడిగిన పరికరం రెండూ మోసపోతాయి. చలికాలంలో తలుపులు మూసి కుంపటి పెట్టుకున్నా, గాలి ఆడని స్నానాలగదిలో గ్యాస్ గీజరు వెలిగించినా కార్బన్ మోనాక్సైడు పుట్టవచ్చు. అది హిమోగ్లోబిన్‌ను ఆక్రమిస్తుంది గానీ రక్తంలో కరిగి ఉన్న ఆక్సిజన్ పీడనాన్ని తగ్గించదు. గ్లోమస్ కణాలు కొలిచేది ఆ పీడనాన్నే కనుక అవి మౌనంగా ఉంటాయి. ఆక్సీమీటరు ఆ విషవాయువునే ఆక్సిజన్‌గా భ్రమించి 98 చూపవచ్చు. అటువంటి గదిలో తలనొప్పి, వాంతి, మగత కనిపిస్తే పరికరం కోసం వెతకకండి. మనిషిని వెంటనే బయటి గాలిలోకి తీసుకువచ్చి, 108కు ఫోను చేయండి.