జంట డిస్కుల ధీమా

"రెండు డిస్కులున్నవి గదండీ, ఒకటి పోయినా రెండవది ఉంటుంది. మరల వేరే ప్రతి దేనికి?"

ఈ మాట నరసరావుపేటలోనూ విన్నాను, హైదరాబాదులోనూ విన్నాను. అన్నవారు లినక్సు సర్వర్లను ఏళ్ళ తరబడి సాకుతున్నవారే. ఆ ధీమాతోనే పార్టిషన్ల హద్దులు జరపడానికి కూర్చుంటారు. నా పేచీ అంతా ఆ ధీమాతోనే.

రైడ్ అన్న పేరు 1988లో బర్క్‌లీకి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్‌ల పత్రంతో వ్యాప్తిలోకి వచ్చింది. డిస్కు చెడినా పని ఆగకుండా చూడటం దాని వంతు. మనిషి చేతి తప్పుకు అది ఏనాడూ పూచీ పడలేదు. రైడ్ 1లో ఒక డిస్కు మీద వ్రాసినది రెండవదాని మీదా పడుతుంది, తుడిచినదీ అంతే. అద్దంలోని బొమ్మను తోడబుట్టినవాడనుకుంటే ఎట్లా?

కుదించేటప్పుడు ముందు ఫైల్ సిస్టమ్, పిదప ఆరే, చివరకు పార్టిషన్. పెంచేటప్పుడు అడుగునుంచి పైకి. ఆరేను ముందుగా కుదిస్తే ఫైల్ సిస్టమ్ తోక తెగుతుంది, రెండు డిస్కులలోనూ ఒకే చోట! సూపర్‌బ్లాకు చివర ఉండే 0.90, 1.0 రకాలలోనైతే పార్టిషన్ తోక కోసినా, పొడిగించినా ఆరే గుర్తింపే దొరకదు.

2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లానుండి పల్నాడు విడివడింది. గీత మారిందే గాని మాచర్ల ఉన్నచోటనే ఉంది. డిస్కు మీద అట్లా కాదు. ఈఎక్స్‌టీ4ను కుదిస్తే కొత్త హద్దుకు అవతల పడిన బ్లాకులన్నిటినీ పెళ్ళగించి ఇవతలికి తేవాలి. ఆ నడుమ కరెంటు పోతే? (మన ఊళ్ళలో ఇది అనుమానం కాదు, అనుభవం.)

"ఒక డిస్కును తప్పించి, దానిని కొత్తగా పంచుకొని, తిరిగి చేర్చి, పిమ్మట రెండవదానికీ అట్లాగే చేస్తాము" అంటారు తెలిసినవారు. మంచిదే. కాని సింక్ ముగిసేవరకు ఆ గంటలలో మీకున్నది ఒక్క డిస్కే. దానినే మొదటినుండి చివరిదాకా చదివిస్తున్నారు. ఏ రెండవదానిని చూసి ధైర్యపడినారో అది అప్పుడు లేదు!

ఖర్చంటారా? వేరొక పెట్టెలో ఒక డిస్కు, ఒక రాత్రి సమయం. ఎక్స్ఎఫ్ఎస్ అయితే ఆ బేరమూ లేదు. మామూలు వాడుకలో దానికి కుదింపు లేదనే అనుకోవాలి. నకలు తీసి, చెరిపి, కొత్తగా కట్టుకోవలసిందే. తీసిన నకలునుండి నాలుగు దస్త్రాలు వెనక్కు తెచ్చి, తెరిచి చూసిన తరువాతనే హద్దుల మీద చేయి వేయండి.