అడిగి తెచ్చిన గుర్రం కూడా అమానతే

పుత్తూరు పేరు వినగానే దక్షిణాదిలో ఎవరికైనా ముందు గుర్తుకొచ్చేది ఎముకల కట్టు. చెయ్యి విరిగినా, కాలు విరిగినా పొరుగు రాష్ట్రాల నుంచి సైతం జనం ఈ ఊరికి వస్తారు. కాలు విరిగిన మనిషి కట్టు కట్టించుకుని వారాల తరబడి మంచాన పడుకోగలడు. గుర్రానికి ఆ వీలు లేదు. వందల కిలోల బరువును ఆ సన్నని కాళ్లమీదే మోస్తూ నిలబడి బతకాల్సిన ప్రాణి అది. కాలు విరిగిన గుర్రం కోలుకోవడం బహు అరుదు.

ఈ మాట ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, జట్కాల కాలం పోయాక మన ఊళ్లలో మిగిలిన కొద్దిపాటి గుర్రాలు ఎక్కువగా పెళ్లి ఊరేగింపులకే పనికొస్తున్నాయి. "చిచ్చా, ఒక్క రాత్రికి ఇవ్వండి, పొద్దున్నే తెచ్చి కట్టేస్తాం" అని బంధువులో, పొరుగువారో అడుగుతారు. యజమాని తటపటాయిస్తాడు. వెంటనే "మా మాట మీద నమ్మకం లేదా?" అని నిష్ఠూరమాడతాం. ఆయనను పిసినారి అంటాం. ఆ నమ్మకానికి తగిన పని మనం చేశామా అని మాత్రం ఆలోచించం.

ఒక వీధి అని చెప్పి నాలుగు వీధులు తిప్పుతాం. వరుడు దిగగానే కుర్రాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఎక్కుతారు. కాళ్ల దగ్గర టపాకాయలు పేలుస్తారు. దానికి నీళ్లు పెట్టాలన్న ధ్యాస ఎవరికీ ఉండదు. తెల్లవారుజామున ఏ పిల్లవాడి చేతనో తోలిస్తాం. మర్నాడు గుర్రం కుంటుతోందని యజమాని వస్తే "మాకేం తెలుసు" అంటాం. పోయింది ఆయన ఇంటి కూడు. 'ఎరువు సొమ్ము బరువు చేటు' అని పెద్దలన్నది ఊరకే కాదు.

దైవప్రవక్త ముహమ్మద్ (స) స్వయంగా గుర్రాన్ని అడిగి తీసుకున్న సందర్భం బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది. ఒక రాత్రి మదీనాలో ఏదో అలజడి వినిపించి జనం భయపడ్డారు. ఆయన హజ్రత్ అబూ తల్హా (రజి) గుర్రాన్ని అడిగి తీసుకుని, జీను కూడా లేకుండానే అందరికంటే ముందు వెళ్లి చూసి వచ్చారు. భయపడవలసిందేమీ లేదని ప్రజలకు ధైర్యం చెప్పారు. అంతవరకు నెమ్మదైనదిగా పేరుపడ్డ ఆ గుర్రాన్ని వేగంలో సముద్రంతో పోల్చి మెచ్చుకున్నారు. అవసరం నిజమైనది, వాడుక ఆ అవసరం మేరకే, ఆపైన ఒక మంచి మాట. యజమానికి ఇంకేం కావాలి?

హిజ్రీ 8వ సంవత్సరంలో (క్రీ.శ. 630) హునైన్ యుద్ధానికి ముందు ఆయన సఫ్వాన్ బిన్ ఉమయ్యా వద్ద కవచాలు అడిగారు. సఫ్వాన్ అప్పటికి ఇస్లాం స్వీకరించలేదు. నిన్నటిదాకా శత్రువు. బలవంతంగా తీసుకుంటున్నారా అని అడిగాడు. కాదు, పూచీ మీద ఎరువుగానే అని దైవప్రవక్త (స) స్పష్టం చేశారు. వాటిలో కొన్ని పోయినప్పుడు నష్టపరిహారం ఇస్తానన్నారు. అప్పటికి మనసు మారిన సఫ్వాన్ వద్దన్నారు. విజేత అయి ఉండి కూడా పూచీ పడడమే ఆ మనసును గెలిచింది.

హజ్రత్ ఉమర్ (రజి) బేరమాడి పరీక్షకు తీసుకున్న గుర్రం కుంటిదైపోతే, మధ్యవర్తి షురైహ్ ఖలీఫా అని చూడలేదు. కొనుక్కోవాలి, లేదా తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే అప్పగించాలని తీర్పు చెప్పారు. ఆ తీర్పు మెచ్చి ఉమర్ (రజి) ఆయనను కూఫా ఖాజీగా నియమించారని చరిత్రకారులు రాశారు.

ఎరువును ధర్మశాస్త్రంలో ఆరియత్ అంటారు. షాఫయీ పండితులు వాడుక వల్ల కలిగే అరుగుదల తప్ప తక్కిన నష్టానికి తీసుకున్నవాడే బాధ్యుడంటారు. మన ప్రాంతంలో అధికులు అనుసరించే హనఫీ విధానంలో అది అమానత్. తప్పు లేకుండా నష్టం జరిగితే పరిహారం లేదు. అయితే హద్దు మీరితే బాధ్యత తప్పదు. ఒకరి సవారీకని ఇచ్చినదాని మీద మరొకరిని ఎక్కించడం, ఒప్పుకున్న దూరం దాటించడం హద్దు మీరడమే. తిరిగి చేర్చే ఖర్చూ మనదే.

కనుక అడిగేటప్పుడే ఎంత దూరం, ఎంతసేపు, ఎవరు ఎక్కుతారు అన్నది నిజం చెప్పుదాం. గుర్రాన్ని ఎరిగిన మనిషిని వెంట ఉంచుదాం. మేత, నీళ్లు మనమే చూద్దాం. చెప్పిన వేళకు ఇంటిపెద్దే వెళ్లి అప్పగించాలి. దెబ్బ తగిలితే యజమాని కనిపెట్టకముందే మనమే చెప్పాలి. ఇవేవీ కుదరకపోతే వరుడు నడిచి వెళ్లినా నికాహ్‌కు లోటేమీ లేదు.

గుర్రం ఉన్న సోదరులకూ ఒక మనవి. చిన్నపాటి వాడుక వస్తువులను సైతం ఇవ్వనివారిని మాఊన్ సూరా గట్టిగా మందలించింది. నమ్మదగినవాడు నిజమైన అవసరంతో వస్తే వెనుదీయకండి. నోరులేని ఆ జీవి తనకు జరిగింది యజమానితో చెప్పుకోలేదు. దాన్ని సృష్టించినవానికి మాత్రం అంతా తెలుసు. అమానతులను యథాతథంగా అప్పగించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.