లంక, బంధకం, తొడుగు

ఇంగ్లీషు ‘ఇన్సులేట్’కు మూలం లాటిన్‌లోని ‘ఇన్సులా’. అంటే ద్వీపం, కృష్ణా గోదావరుల ఒడ్డువారి మాటలో లంక. చుట్టూ ఉన్నవాటితో పొత్తు లేకుండా ఒక వస్తువును లంకలా వేరుచేయడమే ఇన్సులేట్ చేయడం. ‘ఐసోలేట్’ దీనికి తోబుట్టువు. క్లోమంలో లంకల్లా విడివిడిగా ఉండే కణాల గుంపుల్లో తయారవుతుంది కనుకే ఇన్సులిన్‌కు ఆ పేరు.

1729లో ఇంగ్లండులో స్టీఫెన్ గ్రే జనపనార తాడు వెంట విద్యుత్తును దూరం పంపిస్తూ, ఆ తాడును పట్టు దారాలతో వేలాడదీశాడు. పట్టు సన్నగా ఉంది కనుక విద్యుత్తు అందులోకి పోవడం లేదనుకున్నాడు. బరువుకు దారం తెగింది. దాని బదులు సన్నటి ఇత్తడి తీగ కట్టాడు. తాడు నిలిచింది గానీ, విద్యుత్తు తీగలోంచి జారిపోయింది. తాడును లంకలా వేరుచేసే గుణం సన్నదనానిది కాదు, పట్టుదని అప్పుడు తేలింది.

‘పెనిన్సులా’ను తెలుగు ద్వీపకల్పం అని అచ్చంగా దింపుకుంది: దాదాపు ద్వీపం. ఇన్సులేటర్ దగ్గరికి వచ్చేసరికి ద్వీపం మాయమైంది. పాఠ్యపుస్తకాల్లో అది విద్యుత్ బంధకం. వేడి సంగతైతే అధమ ఉష్ణవాహకం. విడదీసేదానికి బంధకమనే పేరేమిటని అనిపించవచ్చు. అది కట్టేసేది వస్తువును కాదు, ప్రవాహాన్ని. మలబద్ధకంలోనూ ఈ ధాతువే ఉంది. కొందరు వాడే ‘నిరోధకం’ కంటే ఇదే మేలు. ఆ మాట రెసిస్టర్‌కు కావాలి.

ఎన్టీఆర్ జిల్లా తిరువూరులో వైరింగు పనికి బంధకంతో అవసరం పడదు. వైరు తొడుగు ఒలిచి, రాగి పోగులు మెలిపెట్టి, నల్ల టేపు చుడతారు. టేపు చుట్ట మీద అచ్చయిన ‘ఇన్సులేషన్’ ఎవరికీ పరాయి మాట కాదు.

వేడికైతే ఆ మాట కూడా అక్కర్లేదు. ఎండాకాలం ఐసు దిమ్మను ఊకలో పెట్టి గోనెపట్టా కప్పితే, ఊక సందుల్లో చిక్కుకున్న గాలి బయటి వేడిని తొందరగా లోపలికి రానివ్వదు. తిరువూరు, నూజివీడు తోటల మామిడికాయను వరిగడ్డిలో మాగేస్తే పని తిరగబడుతుంది: పండే కాయలో పుట్టే వేడి గడ్డి దాటి పోలేదు. రెండు రోజులాగి చెయ్యి పెడితే లోపల గోరువెచ్చగా తగులుతుంది.