గుద్దింది ఒకటి... ఎగిరింది వంద!

చెరువులోకి రాయి విసిరితే నీళ్లు చిందుతాయి. చిందిన నీళ్లు మళ్లీ చెరువులోనే పడతాయి. మరి ఆకాశంలో తిరుగుతున్న కొండను గుద్దితే లేచిన రాళ్లు ఎక్కడ పడాలి?

2022 సెప్టెంబరు 27. మనకు ఇంకా తెల్లవారలేదు. భూమికి 1.1 కోట్ల కిలోమీటర్ల దూరంలో నాసా వ్యోమనౌక 'డార్ట్' ఒక గ్రహశకలాన్ని కావాలనే ఢీకొట్టింది. దాని పేరు డైమార్ఫోస్. వెడల్పు సుమారు 150 మీటర్లు. తనకన్నా ఐదింతలు వెడల్పున్న డిడిమోస్ చుట్టూ 1.2 కిలోమీటర్ల దూరంలో తిరుగుతుంటుంది. వీటివల్ల మనకే ప్రమాదమూ లేదు. ఎప్పుడైనా ఓ రాయి నిజంగానే భూమి మీదికి వస్తే పక్కకు నెట్టగలమా, లేదా? అది తేల్చుకోవడానికే ఈ ప్రయోగం.

అంతకుముందు 11 గంటల 55 నిమిషాలకు ఒక చుట్టు పూర్తిచేసే డైమార్ఫోస్ ఆ దెబ్బతో 33 నిమిషాలు ముందే తిరిగొచ్చింది. 73 సెకన్లు తగ్గినా చాలనుకున్నారు శాస్త్రవేత్తలు! ఇంత తేడా ఎలా వచ్చిందంటే... ఆ ఘనత ఎగిరిన రాళ్లూ ధూళిదే. తారాజువ్వ నిప్పులు కిందికి చిమ్ముతూ పైకి లేచినట్టు, శిథిలాలు వెనక్కి ఎగిరి గ్రహశకలానికి అదనపు తోపునిచ్చాయి.

సరే, తర్వాత అవెటు పోయాయి? అక్కడ గురుత్వాకర్షణ చాలా తక్కువ. డైమార్ఫోస్ తిరిగేదే సెకనుకు 17 సెంటీమీటర్ల వేగంతో. మన నడక కన్నా నెమ్మది. అందుకే మరీ మెల్లగా లేచిన రాళ్లు తిరిగి దానిమీదే పడతాయి. వేగంగా లేచినవి శాశ్వతంగా వెళ్లిపోతాయి. మధ్యరకం వాటికే వస్తుంది చిక్కు. పెద్దది ఒకవైపు, చిన్నది ఇంకోవైపు లాగుతుంటే వాటి దారి చుట్టుచుట్టుకీ మారుతుంది. చివరికి కొన్ని ఏదో ఒకదాన్ని గుద్దుకుంటాయి, కొన్ని బయటికి విసిరేసినట్టు పోతాయి. ఇక సన్నటి ధూళిని సూర్యకాంతే నెట్టుకుపోతుంది. అది వేల కిలోమీటర్ల తోకలా సాగింది.

ఆ ఏడాది డిసెంబరులో హబుల్ టెలిస్కోపు కంటికి 37 బండరాళ్లు చిక్కాయి. వాటి వేగం గంటకు సుమారు కిలోమీటరే. 'డార్ట్' వెంట వెళ్లిన ఇటలీ బుల్లి ఉపగ్రహం లిసియాక్యూబ్ తీసిన ఫొటోల్లో మాత్రం 104 బండలు లెక్కతేలాయి. వాటిలో కొన్నింటి వేగం సెకనుకు 52 మీటర్లు! అన్నివైపులకూ సమంగా కాకుండా గుంపులుగా, ఎక్కువగా ఒకే పక్కకు ఎగిరాయని 2025లో వెలువడిన అధ్యయనం చెప్పింది. అంటే మనం నెట్టింది ఒకవైపు... రాళ్లు నెట్టింది ఇంకోవైపు. దీనివల్ల డైమార్ఫోస్ కక్ష్య కాస్త ఒరిగి ఉండొచ్చట.

రేపు నిజమైన ఆపద వచ్చినప్పుడు ఈ లెక్క తప్పితే? అందుకే ఐరోపా అంతరిక్ష సంస్థ 2024 అక్టోబరులో 'హెరా'ను పంపింది. 2026 చివర్లో ఆ జంటను చేరి, దెబ్బ ఆనవాళ్లను దగ్గర్నుంచి పరిశీలించడం దాని పని. గురిచూసి కొట్టడం ఒక ఎత్తు. కొట్టాక లేచే రాళ్ల దారి పట్టుకోవడం మరో ఎత్తు!