రెండవ భాగం – మొదటి స్వభావం

జగ్గయ్యపేట, నందిగామ విద్యార్థులకు నేడు వీడియో ఆటలు పరిచితాలే. మెచ్చిన ఆటకు వచ్చిన రెండవ భాగం నిరాశపరిచిందని వారు బాధపడితే, అది బాల్యచాపల్యమని పెద్దలు కొట్టివేయడం పరిపాటి. మేము ఆ అభిప్రాయంతో ఏకీభవించం.

2003లో వెలువడిన ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ది శాండ్స్ ఆఫ్ టైమ్’లో రాకుమారుడు తన కథను తానే సరసంగా వినిపిస్తాడు. 2004 నాటి ‘వారియర్ వితిన్’లో కత్తిసాము మెరుగుపడింది, కాని ఆ మృదుభాషి క్రోధమూర్తిగా మారాడు. ఏళ్ల తరబడి ఒక భూతం వెంటాడిన ఫలమని కథ కారణం చెప్పినా, అభిమానికి దక్కింది పేరే గాని పాత మిత్రుడు కాదు.

తిక్కన విరాటపర్వం నుంచి భారతాన్ని తనదైన శైలిలో నడిపించాడు. అయినా నన్నయ చూపిన ధర్మరాజు మనకు పరాయివాడు కాలేదు. శైలి మారవచ్చు, స్వభావం చెడరాదు. పూర్వులు విడిచిన పనిని అందుకొనే ప్రతివారికీ ఇదే ధర్మమని మా విశ్వాసం.