గడ్డ తీశారు.. గండం తీరిందా?

కె.ఆర్.పురం వేలాడే వంతెన దగ్గర పొద్దున్నే నిలబడితే ముళబాగిలు, కోలారు మీదుగా చిత్తూరు వైపు నుంచి బస్సులు వస్తుంటాయి. దిగేవాళ్లలో పనికి వచ్చినవాళ్లే కాదు, స్కానింగ్‌ కవరు చేతపట్టుకుని పెద్దాసుపత్రికి పోయేవాళ్లూ ఉంటారు.

కాలేయ క్యాన్సర్‌ రోగి ఇంటివాళ్లు అడిగేది ఒకటే. 'ఆపరేషన్‌ అయితే ఇక భయం లేదు కదా సార్‌?' దీనికి జవాబు చెప్పడం డాక్టర్లకూ కష్టమే. గడ్డను పూర్తిగా కోసి తీసేసినా ఐదేళ్లలో సుమారు 70 శాతం మందికి తిరగబెడుతుంది. మరి గట్టెక్కేదెవరు? గడ్డ సైజు, సంఖ్య, రక్తనాళాల్లోకి పాకిందా లేదా, రక్తంలో ఏఎఫ్‌పీ ఎంత ఉంది.. ఇవన్నీ చూసి అంచనా వేస్తారు. జన్యువులను చూస్తే ఇంకాస్త గట్టిగా చెప్పొచ్చా అన్నదే పరిశోధకుల తపన.

2008లో ఓ ఆసక్తికరమైన సంగతి బయటపడింది. అమెరికాలోని బ్రాడ్‌ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హోషిడా, గొలబ్‌ల బృందం 307 మంది రోగుల కణజాలాన్ని పరీక్షించింది. అవి ఫార్మాలిన్‌లో ఉంచి, మైనపు దిమ్మల్లో దాచిన పాత ముక్కలు. కొన్నయితే 24 ఏళ్లు దాటినవి. చిత్రమేమిటంటే గడ్డలోని జన్యువులు రోగి ఆయుష్షు గురించి ఏమీ తేల్చలేదు. చుట్టూ మిగిలిన కాలేయమే చెప్పింది! అక్కడి 186 జన్యువుల తీరును బట్టి ఎవరికి ముప్పు ఎక్కువో అంచనాకు అందింది.

రైతుబిడ్డలకు ఇది చెప్పక్కర్లేదు. తెగులు సోకిన మొక్కను పీకేస్తే సరిపోదు, మడిలోనే తెగులుంటే మళ్లీ వస్తుంది. హెపటైటిస్‌-బి, సి వైరస్‌లు, సారా, కొవ్వు, బూజు పట్టిన వేరుశనగలోని ఆఫ్లటాక్సిన్‌ విషం.. కాలేయం అనే మడిని పాడుచేసేవి ఇవే. మొదటి రెండేళ్లలో తిరగబెట్టేది ఎక్కువగా పాత గడ్డ నుంచి జారిన కణాల వల్ల. ఆ తర్వాత వచ్చేది చాలావరకు దెబ్బతిన్న కాలేయంలో పుట్టే కొత్త గడ్డ.

అలాగని జన్యు పరీక్ష కోసం అప్పు చేయాల్సిన పనిలేదు. కాలేయ క్యాన్సర్‌లో అది ఇంకా రోజువారీ పరీక్ష కాలేదు. అది చెప్పే ముప్పుకు తగ్గ పని మాత్రం ఇప్పుడే చేతిలో ఉంది. 2018 జులై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద హెపటైటిస్‌ పరీక్ష, చికిత్స ఉచితం. హైదరాబాద్‌ శాంతా బయోటెక్నిక్స్‌ 1997లో దేశీయంగా తెచ్చిన హెపటైటిస్‌-బి టీకా ధరను దించింది. నేడు ఆ టీకాను పిల్లలకు సర్కారు ఉచితంగా వేస్తోంది. సిర్రోసిస్‌ ఉన్నవాళ్లు ఆర్నెల్లకోసారి అల్ట్రాసౌండ్‌ చేయించుకోవాలి.

ఊరు అక్కడ, బతుకు ఇక్కడ అయిన మనవాళ్లకు తప్పిపోతున్నది ఈ ఆర్నెల్ల తడవే. పని మారితే ఆసుపత్రి మారుతుంది, ఫైలు పోతుంది. ఆసుపత్రి మారేటప్పుడు బయాప్సీ రిపోర్టు, మైనపు దిమ్మ అడిగి తీసుకోండి. ఆపరేషన్‌తో పని అయిపోయిందనుకుంటే, మిగిలిన కాలేయం చెప్పేది వినేవాళ్లే ఉండరు.