ధోనీ అన్‌క్యాప్డ్, నేను నాట్ ఎలిజిబుల్

మొన్న ఆదివారం పొద్దున్నే మా బీటెక్ రూమ్మేట్ మెల్‌బోర్న్ నుంచి ఫోన్ చేశాడు. కుశల ప్రశ్నలేవీ లేవు. ఎత్తగానే "మామా, మా క్లబ్‌కి అన్యాయం చేశార్రా, డ్రాఫ్ట్ రూల్స్ మార్చేశారు" అని మొదలుపెట్టాడు. వాడు అక్కడికెళ్ళి ఆరేళ్ళయింది. క్రికెట్ తగ్గిపోయి ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ పిచ్చి పట్టుకుంది. వాడి జట్టు వెస్ట్రన్ బుల్‌డాగ్స్.

నాకు ఆ ఆట రాదు, కోడిగుడ్డు ఆకారంలో బంతి ఉంటుందని తప్ప. కానీ వాడు అరగంట చెప్పాక గొడవేంటో అర్థమయింది. అక్కడ మనలా వేలం లేదు, డ్రాఫ్ట్. కిందటేడు ఆఖర్న నిలిచిన జట్టు ఈ ఏడు కొత్త కుర్రాళ్ళలో మొదట ఎంచుకుంటుంది. బలహీనుడికి ముందు వడ్డన అన్నమాట. దీనికో మినహాయింపు ఉంది. తండ్రి ఒక క్లబ్‌కి 100 మ్యాచ్‌లు ఆడి ఉంటే కొడుకుని తీసుకోవడంలో ఆ క్లబ్‌కే ప్రాధాన్యం. (వారసుల కోటా గురించి తెలుగు సినిమా చూసే వాళ్ళకి వేరే వివరించాలా!) వేరే జట్టు ఆ కుర్రాణ్ణి పిలిస్తే, తండ్రి ఆడిన క్లబ్ తన ఎంపికలను పాయింట్లుగా చెల్లించి తెచ్చుకోవచ్చు. 2015లో ఈ పాయింట్ల పద్ధతి వచ్చింది. మొదటి రౌండ్ కుర్రాడైతే అందులో 20 శాతం తగ్గింపు. 2021లో బుల్‌డాగ్స్ శామ్ డార్సీని అలాగే తెచ్చుకున్నారు, వాళ్ళ నాన్న ల్యూక్ డార్సీ ఆ క్లబ్ ఆటగాడే. మిగతా క్లబ్‌లు గోల పెడితే ఆ తగ్గింపుని 10 శాతానికి దించారు. 2024లో చెప్పి 2025 డ్రాఫ్ట్ నుంచి అమలు చేశారు.

"ఏడాది ముందు చెప్పారా? మరి ఏడుపెందుకురా?" అన్నా. వాడికి కోపం వచ్చింది. నాకు మాత్రం నిజంగా అసూయ వేసింది. ఎందుకంటే నేను సన్‌రైజర్స్ అభిమానిని.

మన దగ్గర సంగతి చూడండి. ఐపీఎల్ 2025 పెద్ద వేలానికి నిబంధనలు బయటికొచ్చింది 2024 సెప్టెంబర్ 28న. ఎవర్ని అట్టిపెట్టుకుంటారో చెప్పాల్సిన గడువు అక్టోబర్ 31. అంటే మూడేళ్ళకి సరిపడా జట్టు కట్టే లెక్కలన్నీ నెల రోజుల్లో తేల్చుకోవాలి. మా ఆఫీసులో ఒక చిన్న కాన్ఫిగరేషన్ మార్పుకి కూడా అంతకంటే ఎక్కువ టైమ్ ఇస్తారు.

నిబంధన మార్చడమే తప్పు అని నేననను. ఆట మారుతుంది, డబ్బు మారుతుంది, నిబంధన మారక తప్పదు. 2022లో గుజరాత్, లక్నో కొత్తగా వచ్చినప్పుడు వేలానికి ముందే తలా ముగ్గుర్ని తీసుకోనిచ్చారు. అదీ న్యాయమే, చేతిలో ఎవరూ లేని వాళ్ళు ఎక్కణ్ణుంచి మొదలుపెడతారు? నా గొడవల్లా రెండు ప్రశ్నలే. ఎప్పుడు చెప్పారు? చెప్పే సమయానికి దాని వల్ల ఎవరికి లాభమో అందరికీ ముందే తెలుసా?

మొదటిదానికి రషీద్ ఖాన్ కథ. 2017లో 4 కోట్లకి కొన్నాం. 2018 వేలంలో పంజాబ్ 9 కోట్ల దాకా పాడితే మన వాళ్ళు రైట్ టు మ్యాచ్ కార్డు తీసి వెనక్కి తెచ్చుకున్నారు. ఉప్పల్‌లో వాడి గూగ్లీ చూస్తూ పెరిగిన బ్యాచ్ మాది. 2022 వేలానికి ఆ కార్డే ఎత్తేశారు. మన వాళ్ళు విలియమ్సన్‌కి 14 కోట్లిచ్చి ఉంచుకున్నారు, రషీద్ 15 కోట్లకి గుజరాత్ వెళ్ళాడు, గుజరాత్ మొదటి ఏడాదే కప్పు కొట్టింది. ఇందులో మన మేనేజ్‌మెంట్ చేతులారా చేసుకున్నది కూడా ఉంది, కాదనను. కానీ సరిగ్గా మనకి కావాల్సిన ఏడాది లేని కార్డు 2025 వేలానికి మళ్ళీ వచ్చింది! ఈసారి కొత్త హంగుతో. పాత జట్టు కార్డు తీశాక, గెలిచిన జట్టు ఇంకోసారి ధర పెంచొచ్చు, పాత జట్టు దానికి సరితూగాలి. జెద్దాలో అర్ష్‌దీప్ సింగ్‌కి మన వాళ్ళు 15.75 కోట్లు పాడారు, పంజాబ్ కార్డు తీసింది, మన వాళ్ళు 18కి పెంచారు, పంజాబ్ సరే అంది. అర్ష్‌దీప్ జేబులో రెండుంపావు కోట్లు ఎక్కువ పడ్డాయి, సంతోషం. ఆటగాడికి మేలు చేసే మార్పు కాబట్టి నాకిది నచ్చింది కూడా. కానీ 2018లో ఒకటి, 2022లో ఇంకోటి, 2025లో మరొకటి అయితే ఏ జట్టయినా దేన్ని నమ్ముకుని కుర్రాళ్ళని పెంచాలి?

ఇక రెండో ప్రశ్న. ఇక్కడ పేరు చెప్పక తప్పదు, ధోనీ.

అంతర్జాతీయ క్రికెట్ ఆడి అయిదేళ్ళు దాటిన భారత ఆటగాణ్ణి అన్‌క్యాప్డ్‌గా, అంటే దేశానికి ఆడనివాడిగా లెక్కగట్టొచ్చు అనే నిబంధన మొదట్నుంచీ ఉండేది. ఎవరూ వాడట్లేదని 2021లో తీసేశారు. 2024లో తిరిగి తెచ్చారు. ధోనీ చివరి మ్యాచ్ 2019 జులైలో న్యూజిలాండ్ మీద సెమీఫైనల్. వేళ్ళ మీద లెక్కేసుకోండి. 2022లో 12 కోట్లకి ఉన్న మనిషి 4 కోట్లకే అట్టిపెట్టుకోబడ్డాడు, చెన్నై పర్సులో అంత మేర మిగిలింది. జులై 31న ముంబయిలో యజమానుల సమావేశం జరిగినప్పుడు మన కావ్య మారన్ దీన్ని వ్యతిరేకించారని అప్పట్లో వార్తలొచ్చాయి, రిటైరైన పెద్ద ఆటగాడి విలువ తగ్గించడం అవమానం అని. మేం అడగలేదని చెన్నై వాళ్ళు అన్నారు. అడక్కుండానే వచ్చిందంటే ఇంకా గొప్ప.

ధోనీ అభిమానులు తిట్టే ముందు ఒక్క మాట. ఈ నిబంధనతో రాజస్థాన్ సందీప్ శర్మని కూడా 4 కోట్లకి ఉంచుకుంది. 2015 తర్వాత దేశానికి ఆడని వాడు, అలాంటి వాళ్ళకి ఇది నిజంగా ఆసరా. కాబట్టి నిబంధన చెడ్డది కాదు. 2021లో తీసేయకుండా ఉంచినా, 2022లో తెచ్చి "2025 నుంచి" అన్నా నేను నోరెత్తేవాణ్ణి కాదు. అయిదేళ్ళ లెక్క ఎవరికి సరిపోతుందో లోకమంతటికీ తెలిసిన నెలలో తేవడమే నాకు మింగుడు పడనిది.

అదే అక్టోబర్లో మన వైజాగ్ కుర్రాడి సంగతి చూడండి. నితీశ్ కుమార్ రెడ్డి 20 లక్షల ఆటగాడు. 2024 సీజన్లో 303 పరుగులు చేసి ఎమర్జింగ్ ప్లేయర్ అయ్యాడు. అన్‌క్యాప్డ్‌గా అట్టిపెట్టుకుంటే 4 కోట్లే. నిబంధనలు వచ్చిన ఎనిమిదో రోజున, అక్టోబర్ 6న, గ్వాలియర్‌లో బంగ్లాదేశ్ మీద టీ20 అరంగేట్రం చేశాడు. క్యాప్డ్ అయిపోయాడు. దాంతో సన్‌రైజర్స్ అట్టిపెట్టుకున్న అయిదుగురూ క్యాప్డే అయ్యారు, మొత్తం 75 కోట్లు. దాన్ని ఎలా పంచుకోవాలన్నది జట్టు ఇష్టం. క్లాసెన్‌కి 23, కమిన్స్‌కి 18, అభిషేక్‌కి, హెడ్‌కి చెరో 14 పోగా నితీశ్‌కి 6 మిగిలింది. అదే మ్యాచ్‌లో అరంగేట్రం చేసిన మయాంక్ యాదవ్‌కి లక్నో 11 ఇచ్చింది. 21 ఏళ్ళ కుర్రాడి రేటు ఒక టోపీ మీద, ఒక తేదీ మీద, మిగతా నలుగురి బేరం మీద ఆధారపడింది. 43 ఏళ్ళ ప్రపంచకప్ కెప్టెన్ అదే వారంలో "దేశానికి ఆడనివాడు" అయ్యాడు. ఇది నేను మా అమ్మకి చెబితే "అదేం లెక్కరా" అంది.

తేదీల మాట వచ్చింది కాబట్టి నా గోల కూడా చెబుతా. నా పాత కంపెనీ (పేరెందుకు లెండి) ప్రమోషన్‌కి మార్చి 31 నాటికి రెండేళ్ళు నిండాలి అనే నియమం పెట్టింది. నేను చేరింది ఫిబ్రవరి 17న. అంటే నెలన్నర ముందే నిండుతాయి. ఆ ధీమాతో నవంబర్లో చేతికొచ్చిన వేరే ఆఫర్ వదులుకున్నా, నాలుగు నెలలు ఆగితే ఇక్కడే వస్తుంది కదా అని. ఫిబ్రవరి ఆఖరి వారం మెయిల్ వచ్చింది, అర్హత తేదీ డిసెంబర్ 31కి మారింది అని. నేను నాట్ ఎలిజిబుల్. నా పక్క క్యూబికల్‌లో జనవరిలో చేరినతను కూడా అంతే, కానీ అతనికి "బిజినెస్ క్రిటికల్" అని మినహాయింపు దొరికింది. అతని మీద నాకు కోపం లేదు, బాగా పనిచేస్తాడు. నన్ను మండించింది వేరే. మా మేనేజర్ని కాఫీకి తీసుకెళ్ళి "ఈ మార్పు ఎప్పుడు డిసైడ్ చేశారన్నా?" అని అడిగితే, "అక్టోబర్ బడ్జెట్ మీటింగ్‌లో" అన్నాడు పాపం, నిజాయితీగా. అక్టోబర్లో తెలిసి ఉంటే నవంబర్లో నేనేం చేసేవాణ్ణో మీకు చెప్పక్కర్లేదు.

మనం ఒక ఏపీఐ తీసేయాలంటే ఏం చేస్తాం? ముందు డిప్రికేటెడ్ అని రాస్తాం, ఫలానా వెర్షన్ దాకా నడుస్తుంది అంటాం, వాడేవాళ్ళకి మెయిల్ పెడతాం. పాతదీ కొత్తదీ కొన్నాళ్ళు పక్కపక్కనే నడుస్తాయి. అలా చేయకపోతే రాత్రి రెండింటికి ఎవడో ఒకడు ఫోన్ చేసి తిడతాడు. యంత్రాలకి ఇచ్చే ఆ పాటి గౌరవం మనుషులకి ఇవ్వడానికి ఏమడ్డం?

"పెద్ద ఆటగాళ్ళుంటేనే జనం వస్తారు, జనం వస్తేనే లీగ్" అంటాడు మా టీమ్ లీడ్. నిజమే. 2024 ఏప్రిల్ 5న చెన్నైతో మ్యాచ్‌కి రాయదుర్గంలో మెట్రో ఎక్కితే పెట్టె నిండా పసుపు జెర్సీలే. మాదాపూర్, అమీర్‌పేట దాటే కొద్దీ ఇంకా పసుపు. నారింజ చొక్కాతో నేనే వేరే ఊరివాడిలా స్టేడియం స్టేషన్లో దిగా. జనం ఎవరి కోసం వస్తున్నారో నాకు తెలుసు. కానీ ఆయన 12 కోట్లకి ఆడినా ఆ పెట్టె అంతే పసుపుగా ఉండేది కదా!

ఒక మనిషికి అనుకూలంగా నిబంధన మారడం మన క్రికెట్‌కి కొత్త కాదు. బోర్డు పెద్దలకి క్రికెట్‌లో వ్యాపార ప్రయోజనాలు ఉండకూడదనే నియమాన్ని 2008లో సవరించి ఐపీఎల్‌ని మినహాయించారు. అప్పుడు బోర్డు కోశాధికారి శ్రీనివాసన్, చెన్నై జట్టు ఆయన ఇండియా సిమెంట్స్‌ది. 2015 జనవరిలో సుప్రీంకోర్టు ఆ సవరణను కొట్టేసింది. ఆరేళ్ళకు పైగా పట్టింది.

అదే 2008లో, అదే లీగ్‌లో, మన ఊళ్ళో దీనికి తిరగేసిన కథ జరిగింది. అప్పుడు నాకు పదేళ్ళు, మా నాన్న చెబితే తెలిసింది. ఐకాన్ ఆటగాళ్ళని ఉండేవాళ్ళు, ముంబయికి సచిన్, కోల్‌కతాకి గంగూలీ, అలా. ఐకాన్‌కి ఆ జట్టులో అత్యధిక ధర పలికిన వాడి కంటే 15 శాతం ఎక్కువ ఇవ్వాలి. హైదరాబాద్‌కి లక్ష్మణ్. జట్టు చేతిలో డబ్బు మిగలాలని ఆయన ఐకాన్ హోదా వద్దన్నాడు. డెక్కన్ ఛార్జర్స్ సైమండ్స్‌ని 13.5 లక్షల డాలర్లకి కొంది. లక్ష్మణ్ ఐకాన్‌గా ఉండి ఉంటే 50 లక్షల డాలర్ల పర్సులో 15.5 లక్షలు ఆయనకే పోయేవి. ఆ ఏడాది మనం ఆఖర్న వచ్చాం, మరుసటి ఏడు జొహానెస్‌బర్గ్‌లో కప్పు కొట్టాం. 2011కి ఒక్కో జట్టు నలుగుర్ని ఉంచుకోవచ్చన్నారు. చెన్నై, ముంబయి నలుగురేసి ఉంచుకున్నాయి. మన వాళ్ళు ఒక్కర్నీ ఉంచుకోలేదు. లక్ష్మణ్ కొచ్చి వెళ్ళాడు, రోహిత్ శర్మ ముంబయి వెళ్ళాడు. రోహిత్ సంగతి ఆపైన మీకు తెలిసిందే, నా చేత మళ్ళీ రాయించకండి.

ఈ మూడేళ్ళ సైకిల్ 2027 సీజన్‌తో అయిపోతుంది, తర్వాత మళ్ళీ పెద్ద వేలం. లక్ష్మణ్‌లా ఏదీ వదులుకోమని నేనెవర్నీ అడగట్లేదు. 2027 సీజన్ మొదటి మ్యాచ్ టాస్ వేసే లోపు తర్వాతి వేలం నిబంధనలు అచ్చేసి చేతిలో పెట్టమంటున్నా. కార్డులెన్ని, అన్‌క్యాప్డ్ అంటే ఎవరు, ఏ తేదీ నాటికి. ఆ తర్వాత ఒక్క కామా కూడా కదపకూడదు.

మా వాడికి ఇదే చెప్పా. "చెప్పర్రా, మళ్ళీ సెప్టెంబర్ దాకా చెప్పరు, కావాలంటే ప్యారడైజ్ బిర్యానీ పందెం" అన్నాడు. నేను కట్టలేదు.